లాల పోసే కాళ్ళు

కూర్చోవడమైతే సుబ్బరంగానే కూర్చుంది నాగేంద్రమ్మ. ఒక చెయ్యి గోడకి ఆనించి, కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నెత్తి మీది నీళ్ళబిందె దించుకున్నంత పదిలంగా తనని తాను దించుకుని, స్నానాలగదిలో జానెడెత్తు పీట మీద కుదురుకుంది. రెండు కాళ్ళూ ముందుకు చాపి, మడమలు కలిపి, కాళ్ళ మధ్య పడిన పల్లంలో తువ్వాలు చుట్టిన తలగడని బోర్లా పడుకోబెట్టి, లేని నూనె రాసి, లేని సున్నిపిండి నలిచి, లేని చెంబుతో లేని నీళ్ళు పోసి, ఆఖర్న తలగడకి ముక్కు కూడా చీదించింది. చేతులు ఏదీ మర్చిపోలేదు. వాటి పని అవి చేసుకుపోయాయి. అంతా అయ్యాక తలగడని పక్కన పెట్టి ఇక లేద్దామని చూస్తే కాళ్ళు రాలేదు. నొప్పి లేదు, మెలిక పడలేదు, తిమ్మిరి కూడా కాదు. ఆటలో పడ్డ పిల్లలు అమ్మ పిలుస్తుంటే వినపడీ విననట్టు ఊరుకుంటారే, అలా పడున్నాయి రెండూ, ఇంకెవరి కాళ్ళో అయినట్టు.

ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు సదాశివరావు, కోడలు కృష్ణకుమారి కలిసి మనవరాలు మైథిలిని ఆసుపత్రి నుంచి తీసుకురావడానికి వెళ్ళారు. ఆపరేషను కాన్పు, కుట్ల దగ్గర కాస్త చీము పట్టిందని పిల్లనీ తల్లినీ ఇన్నాళ్ళూ అక్కడే ఉంచేశారు. ఆడపిల్ల. నాగేంద్రమ్మ మునిమనవరాలు. బొడ్డు కూడా ఊడిపోయిందట, రేపు పురుడు, పురిటిస్నానం. ఆ స్నానం ఎవరు పొయ్యాలన్నదే ఈ ఢిల్లీ జనక్‌పురి ఇంట్లో నెలరోజులుగా నలుగుతున్న మాట. నాగేంద్రమ్మకి అందులో మాటేముంది? అత్తగారి తరవాత ఈ ఇంటి పిల్లలందరూ ఈ కాళ్ళ మీద పడుకుని ఏడ్చినవాళ్ళే. కానీ కృష్ణకుమారి ఒప్పుకోదు. కిందటి చలికాలం మదర్ డెయిరీ బూత్ మెట్ల మీద అత్తగారు జారి పడ్డప్పుడు, రోడ్డు మీద చెప్పొకటీ పాలక్యానొకటీ చూసిన దగ్గర్నుంచీ కోడలికి భయం పట్టుకుంది. మొన్న పప్పు రుబ్బుతూ తేల్చి చెప్పేసింది. "చూడండత్తయ్యా, ఆ పీట మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడి నాకు చూపించండి. చూపిస్తే పిల్లకి మీరే పోద్దురుగాని. లేదూ, పసిపిల్లలకి ఒళ్ళు రుద్ది నీళ్ళు పోసే ఆ మాలిష్‌వాలీ ఎటూ వస్తానంది." "పందెమా ఏంటే?" అంది నాగేంద్రమ్మ. "పందెం కాదండీ, భయం," అంది కృష్ణకుమారి, మిక్సీ ఆపి మరీ.

అందుకే, అందరూ వెళ్ళాక, రేపు అందరి ముందూ లేచి చూపించేముందు ఇవాళ ఒకసారి తనకి తాను చూపించుకుందామనుకుంది. చూపించుకుంది, చాలు.

వెంటిలేటరులోంచి ఎండ పలకంత ముక్క పడింది గోడ మీద. అది జారి కుళాయి దాకా వచ్చేసరికి వాళ్ళు వచ్చేస్తారు. ఫిబ్రవరి ఎండ, మెత్తటి ఎండ, ఈ ఢిల్లీలో ఈ ఒక్క నెలే ఎండ మనిషితో మర్యాదగా ఉంటుంది. అందరి బాల్కనీల్లోనూ రజాయిలు ఆరేసుంటాయి ఇప్పుడు, కింది ఇంటి పంజాబీ ముసలావిడ బీజీ బొంతలు రెండు, వాటి పక్కనే బీజీ కూడా మంచం మీద ఆరుతూ ఉంటుంది. అరిస్తే బీజీకి వినపడుతుంది. వినపడితే వస్తుంది, వస్తే నాగేంద్రమ్మని లేపుతుంది, లేపాక కాలనీ మొత్తానికీ చెబుతుంది. వద్దు. కాసేపు ఊపిరి తీసుకుందాం. కాళ్ళు కూడా మనుషులే, అదిలిస్తే మొండికేస్తాయి, బుజ్జగిస్తే వస్తాయి. వంగి మోకాలి మీద చెయ్యేసి రాసింది. చర్మం కింద ఉండాల్సిందేదో లేదు, బియ్యం తీసేశాక గోనెసంచి మడతపడ్డట్టుంది. కండ కరిగిపోయింది మాతాజీ, అన్నాడు డాక్టరు, కిందపడ్డ రోజు ఎముకల ఫొటో వెలుగుకెత్తి పట్టుకుని. ఎముక విరగలేదు, అదృష్టం, కానీ కండ కరిగిపోయింది. ఎక్కడికి పోతుందయ్యా కరిగి, నెయ్యా? అంది తను తెలుగులో. సదాశివరావు దాన్ని హిందీలో చెప్పకుండా మింగేశాడు. డాక్టరు రాసిచ్చాడు, ఎముకలకి సున్నపు బిళ్ళలు, కండకి డబ్బాలో పొడి, పాలల్లో కలిపి రోజుకి రెండుపూటలా, రాత్రిపూట పళ్ళూ పాలూ అని పస్తులుండొద్దు మాతాజీ, పప్పు తినండి, పెరుగు తినండి, ఆపైన వ్యాయామం. ఆ మాట విన్నప్పుడు నాగేంద్రమ్మకి ఎంత నవ్వొచ్చిందో. డెబ్బయ్యేళ్ళొచ్చాక వ్యాయామం. గోదాలో దిగాలి కాబోలు.

కానీ చేసింది, చెయ్యలేదని ఎవరూ అనడానికి లేదు. భానుశ్రీ అని విజయవాడ పిల్ల, ఇక్కడే చదువుకుని ఫిజియోథెరపీ చేస్తోంది, వారానికి రెండుసార్లు ఇంటికొచ్చేది. వచ్చీ రాగానే వంటింటి కుర్చీ తెచ్చి హాల్లో వేసి, "చేతులు కట్టుకుని లేవండి మామ్మగారూ," అనేది. "చేతులిచ్చింది కట్టుకోడానికటే?" "చేతులు సాయమొస్తే కాళ్ళు బద్ధకిస్తాయండీ." "నా కాళ్ళకి బద్ధకమేంటే పిల్లా, అవి చేసిన చాకిరీ నీకేం తెలుసు." లేచేది, కూర్చునేది, మళ్ళీ లేచేది. కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడడం, గోడకి వీపానించి జారడం, ఒంటికాలి మీద నిలబడి కృష్ణా రామా అనుకోవడం. పొద్దున్నే పార్కుకెళ్ళేది బీజీతో. బీజీ సల్వారు కింద బూట్లేసుకునేది, నాగేంద్రమ్మకి సదాశివరావు తన పాత కాన్వాసు బూట్లిచ్చాడు, వేళ్ళ దగ్గర దూది కుక్కి. గద్వాలు చీర కింద తెల్లబూట్లు. పార్కులో ముసలాళ్ళంతా గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టి హహ్హహ్హ అని కారణం లేకుండా నవ్వేవారు, అదీ వ్యాయామమేనట. మొదటిరోజు సిగ్గేసింది. తరవాత బీజీ పళ్ళసెట్టు నవ్వులో ఊడి గడ్డిలో పడితే, అందరికన్నా ముందు, అందరికన్నా నిజంగా నవ్వింది నాగేంద్రమ్మే.

కాపురానికొచ్చిన ఊళ్ళో, రేపల్లె దగ్గర ఆ ఊళ్ళో, దేన్నీ వ్యాయామం అనేవాళ్ళు కాదు. తెల్లారగట్ల లేచి నూతిలోంచి చేంతాడుతో తోడితే గాబు నిండాలి. గిలక కిర్రుమనేది, ఆ చప్పుడుకి పాలేరు లేచేవాడు, పాలేరు లేస్తే గేదెలు లేచేవి, అలా ఊరంతా నాగేంద్రమ్మ భుజాల మీదుగానే లేచేది. రుబ్బురోలు ముందు ఒక కాలు మడిచి ఒక కాలు చాపి కూర్చుంటే మినప్పిండి పొంగేదాకా లేచేది కాదు. లేచేటప్పుడు లేస్తున్నానన్న సంగతే తెలిసేది కాదు కదా, అదే వింత. కాలు మడిచిందెప్పుడో, లేచిందెప్పుడో, అట్లకాడ అందుకుందెప్పుడో. ఒళ్ళనేది ఒకటుందని జ్వరమొస్తేనే తెలిసేది. పసుపుకొమ్ములు దంచేటప్పుడు రోకలి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారేది, ఎదురుగా తోటికోడలు, ఇద్దరి రోకళ్ళూ ఒకదానికొకటి తగలకుండా రోట్లో పడాలి, ముఖాల నిండా పసుపు, పాట, ఆ పాటలో మావగారి పిసినారితనం మీద ఒక చరణం, ఆయన వసారాలోంచి దగ్గితే చరణం మారిపోయేది. తిండి కూడా అంతే, బలానికని ఎవరూ తినలేదు. గడ్డపెరుగు, మినపసున్ని, తాటితేగలు, గేదె ఈనితే జున్ను. బాలింతకి మాత్రం కాయం ఉండ. అత్తగారు దగ్గరుండి దంచించేది, పిప్పళ్ళు, శొంఠి, వాము, మిరియాలు, పాతబెల్లం, నెయ్యి. నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి సెగ వచ్చేది. కళ్ళు మూసుకుని మింగేసేవాళ్ళు. నడుం గట్టిపడాలంటే మింగాలే, అనేది అత్తగారు. ఆ డబ్బా పొడిని మొదటిసారి పాలల్లో కలిపినప్పుడు నాగేంద్రమ్మకి గుర్తొచ్చింది కాయమే. కానీ దీనికి సెగ లేదు, చాక్లెట్టు వాసన, చిన్నపిల్లల బిస్కెట్టు వాసన.

ఆ వాసనే కదా మైథిలి కడుపులో నిలిచింది.

ఏడో నెలలో కాన్పుకి పుట్టింటికొచ్చింది మైథిలి, మొగుణ్ణి పూనాలో ఉంచి. కడుపు తప్ప ఇంకేం లేదు పిల్లకి. మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టొచ్చు. అన్నం వాసనకి వాంతి, పోపు వాసనకి వాంతి, డాక్టరమ్మ రాసిన గోళీ చూస్తేనే వాంతి. కృష్ణకుమారి ఆఫీసుకెళ్ళేముందు మూతలు పెట్టి ఎన్ని పెట్టినా, సాయంత్రానికి మూతలు అలాగే ఉండేవి. ఒకరోజు మధ్యాహ్నం నాగేంద్రమ్మ తన గ్లాసు కలుపుకుంటుంటే పిల్ల వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. "నానమ్మా, యే క్యా హై? బాగా స్మెల్ వస్తోంది." "నా ముసలిమందు." "కొంచెం ఇవ్వవా." ఇచ్చింది. గ్లాసు మొత్తం తాగి పైపెదవి మీద మీసంతో నవ్వింది పిల్ల. నిలిచింది కూడా, వాంతి కాలేదు. అంతే, ఆ రోజు నుంచి రెండుపూటలా గ్లాసు కలిపింది నాగేంద్రమ్మే, తాగింది మైథిలే. డబ్బా అయిపోతుంటే కృష్ణకుమారి సంబరపడి ఇంకోటి తెప్పించేది, అత్తయ్య ఈమధ్య బుద్ధిగా తాగుతున్నారని మొగుడికి చెప్పుకునేది. భానుశ్రీ ఒక్కతే కుర్చీ పక్కన కూర్చుని మోకాలి పైన టేపు పెట్టి కొలిచి, "మామ్మగారూ, లేవడం కూర్చోవడం బాగా చేస్తున్నారు, మరి కండ ఎందుకు పట్టట్లేదు? పొడి తాగుతున్నారా?" అనేది. "తాగుతున్నానమ్మా." "రెండుపూటలా?" "రెండుపూటలా." అబద్ధమేముంది, ఇంట్లో తాగుతూనే ఉన్నారు కదా. కడుపుతో ఉన్న పిల్ల పళ్ళెం ఖాళీగా ఉంటే ముందు తన పళ్ళెంలోది తీసి వెయ్యడం, అది ఆలోచించి చేసే పనేం కాదు, ఈగని తోలినట్టు చెయ్యి దానంతటదే వెళుతుంది. తన తల్లీ అంతే చేసింది, అత్తగారూ అంతే చేసింది. ఇంట్లో ఒకరి నడుం నిలబడాలంటే ఇంకొకరి పళ్ళెం వంగాల్సిందే అనుకున్న కాలం అది. ఇప్పుడు ఆ కాలం కాదని, ఈ ఇంట్లో రెండు గ్లాసులు కలుపుకోవడానికి కరువేం లేదని, ఇంకో చెంచా వేసుకుని తను కూడా తాగితే అడిగేవాళ్ళు లేరని, ఇదిగో, ఈ పీట మీద కూర్చున్నాకే తోచింది. పిల్ల మూడున్నర కిలోలు పుట్టిందట. నర్సులు తూచి మళ్ళీ తూచారట.

సరే, లేవాలి. భానుశ్రీ చెప్పింది, పడిపోతే తిన్నగా లేవకండి, పక్కకి తిరగండి, మోకాళ్ళ మీదికి రండి, గట్టిగా ఉన్నదేదైనా పట్టుకోండి అని. పక్కకి తిరిగింది. పీట జరిగింది. అరచెయ్యి గచ్చు మీద ఆనించి, ఒక మోకాలు, ఆ తరవాత ఇంకో మోకాలు, అమ్మయ్య, గేదెదూడలా నిలబడింది నాలుగింటి మీద. గట్టిగా ఉన్నదేదైనా. ఏముంది గట్టిగా? ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుంటే అది తన మీదికే వచ్చింది. కుళాయి గొట్టం పట్టుకుంది, గోడలోంచి సున్నం రాలింది, వదిలేసింది. కమోడు దూరంగా ఉంది, అక్కడిదాకా పాకాలి, తడిగచ్చు. పాకుతూ ఉండగా వాళ్ళొస్తే? మునిమనవరాలు ఈ ఇంట్లో అడుగుపెడుతూ చూసే మొదటి దృశ్యం ముత్తవ్వ పాకడమా? నవ్వొచ్చింది, నవ్వులో మోకాలు జారింది, మళ్ళీ పీట మీదికే వచ్చి కూలబడింది. ఎండ ముక్క గోడ సగానికి దిగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పోతుంది. ఈ స్నానం తన చేతుల్లోంచి పోతుంది. రేపు ఆ మాలిష్‌వాలీ వస్తుంది, గట్టి మనిషి, ఆవనూనె తెస్తుంది, పిల్లకి ఆవనూనె వాసన పడుతుంది. తను బాల్కనీలో రజాయిల పక్కన కూర్చుని పిల్ల ఏడుపు వింటుంది. ఏడుపు వింటేనే తెలుస్తుంది తనకి, నీళ్ళు కాస్త వేడెక్కువయ్యాయనో, చెవిలో పడ్డాయనో. తెలిసి ఏం చెయ్యాలి?

ఉప్పెన వచ్చిన ఏడు కూడా ఏడుపు వినే వెళ్ళింది. బడిలో తలదాచుకున్నారు ఊరంతా, బెంచీలు ఒక మూలకి నెట్టేసి, బయట చచ్చిన పశువులు, ఉప్పునీళ్ళు. ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చారో ఒక బాలింత, పేరేదో, ఊరేదో, ఒంటికి అంటుకున్న బురద ఎండి పెచ్చులు కట్టి ఆవిడ పక్కన మూరెడు పిల్ల. ఎవరి పిల్లో ఏ ఇంటి పిల్లో అని ఎవరూ ఆలోచించలేదు ఆ రోజు. ఎవరో మూడు ఇటుకలు పేర్చారు, ఎవరో విరిగిన బెంచీ చెక్క తెచ్చారు పొయ్యిలోకి, నాగేంద్రమ్మ నేల మీదే కాళ్ళు చాపింది. నూనె లేదు, సున్నిపిండి లేదు, ఉత్త నీళ్ళు. బురద కరిగి తన కాళ్ళ మీదుగా పారి, కింద నుంచి ఎర్రటి పిల్ల బయటపడింది, అప్పుడే పుట్టినట్టు. చుట్టూ చేరిన ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆ తరవాత, ఆ తరవాతేమయింది? పిల్లని ఎవరో అందుకున్నారు, చీరముక్కలో చుట్టారు. తను లేచింది. ఎలా లేచింది? మూడురోజుల నుంచి తిండి లేదు, కాళ్ళు నీళ్ళల్లో నాని తెల్లబడిపోయాయి, ఎలా లేచింది? ఎవరో రెండు చంకల కింద చేతులేసి లేపారు. అవును, లేపారు.

ఆగు, అనుకుంది నాగేంద్రమ్మ, ఎవరితోనో అన్నట్టు. అంతకు ముందు? సదాశివరావు పుట్టినప్పుడు పోసింది అత్తగారు. స్నానం అవగానే ఆవిడ పిల్లాణ్ణి పైకెత్తి, "పట్టుకోండే, చలి!" అని కేకేసేది. ఒకరు పిల్లాణ్ణి పట్టుకుని సాంబ్రాణి దగ్గరికి పరిగెత్తేవారు. అప్పుడావిడ పీట మీద అలాగే కూర్చుని, మహారాణిలా రెండు చేతులూ గాల్లోకి చాపేది. ఎవరూ వెంటనే రాకపోతే తిట్లు. నాగేంద్రమ్మా, తోటికోడలూ చెరో చెయ్యీ పట్టుకుని హుప్పని లాగేవాళ్ళు. ఎంత దర్జా ఈవిడకి అని వెనకాల మూతి తిప్పుకునేవాళ్ళు, ఇవాళ నీ వంతు, రేపు నా వంతు అని మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. దర్జా! ఓసి పిచ్చిదానా, అది దర్జా కాదే. ఆవిడకి లేవడం రాక. అన్నేళ్ళు ఆవిడ ఒక్కనాడు కూడా తనంతట తను లేవలేదు, ఎవరికీ అనుమానం రాలేదు, చేతులు చాపడం స్నానంలో ఒక భాగమైపోయింది, నలుగులాగా, సాంబ్రాణిలాగా. అసలు కాళ్ళ మీద పిల్లనేసుకున్న మనిషి ఎవరు మాత్రం ఒంటరిగా లేచారు? పిల్లని అందుకునే చేతులు లేకుండా లేవడం ఎవరి తరం? నాగేంద్రమ్మకి నవ్వు ముంచుకొచ్చింది, పార్కు నవ్వు కాదు, అసలు నవ్వు, కళ్ళ నీళ్ళొచ్చాయి, అత్తగారూ అత్తగారూ అని పైకే అంది. ఈ ఢిల్లీ ఇంట్లో స్నానాలగదికి గడియ పెట్టుకోవడం, ఎవరి నీళ్ళు వాళ్ళు పోసుకోవడం అలవాటైపోయి, లేవడం కూడా ఎవరికి వాళ్ళే లేవాలి కాబోలనుకుంది తను.

కింద కారు ఆగింది. బీజీ బాల్కనీలోంచి "ముబారక్ హో జీ, ముబారక్ హో!" అని కేకలు. మెట్ల మీద అడుగులు, మధ్యలో ఆగి, మళ్ళీ అడుగులు, మైథిలి కుట్లు పట్టుకుని ఎక్కుతోంది కాబోలు. తాళం తిరిగింది. ఇంకా ఒకసారి ప్రయత్నం చెయ్యొచ్చు. కుళాయి గొట్టం ఉంది. చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగిపోయింది.

"అత్తయ్యా! ఎక్కడున్నారు? హారతి పట్టాలి, రండి!"

"ఇక్కడున్నానే కుమారీ. స్నానాలగదిలో. లేవలేకపోయాను."

చెప్పుల చప్పుడు పరిగెత్తుకొచ్చింది. తలుపు తోసుకుని కృష్ణకుమారి, ఆ వెనక సదాశివరావు, ఆ వెనక పొత్తిళ్ళు గుండెకి హత్తుకుని మైథిలి. కృష్ణకుమారి ముఖం తెల్లబోయింది. పీటనీ, తలగడనీ, చాపిన కాళ్ళనీ చూసి సంగతంతా అర్థం చేసుకుంది, మనిషి చురుకైంది కదా. "పడ్డారా? ఎంతసేపైంది? అందుకే కదండీ నేను ముందు నుంచీ..."

"పడలేదు. కూర్చున్నాను. కూర్చోవడం వచ్చు, పొయ్యడం వచ్చు. లేవడం రాదు. మీ మావగారి తల్లికీ రాదు." నాగేంద్రమ్మ గొంతు సాఫీగానే ఉంది. "ఆవిణ్ణి మేం లేపాం. నన్ను నువ్వు లేపు. నేను లేవలేనని కదా నీ భయం, నిజమే, లేవలేను. నువ్వు పక్కనుంటే నేను లేవక్కర్లేదు."

సదాశివరావు ముందుకొచ్చి చంకల కింద చేతులెయ్యబోయాడు. "ఇప్పుడు కాదురా. ముందు పిల్లనివ్వండి."

"నానమ్మా, ఆర్ యూ ష్యూర్?" అంది మైథిలి. అని, జవాబు కోసం ఆగకుండానే, తల్లి వంక ఒకసారి చూసి, వంగలేక వంగి, పొత్తిళ్ళతో సహా పిల్లని ఆ కాళ్ళ పల్లంలో పడుకోబెట్టింది. మూడున్నర కిలోల బరువు పిక్కల మీద వెచ్చగా దిగింది. బోర్లా తిప్పి, తల పాదాల వైపు పెట్టి, ఒక అరచెయ్యి ఛాతీ కింద దూర్చి, మెడ నిలబెట్టింది నాగేంద్రమ్మ. పిల్ల ఒకసారి మూలిగి, ఎవరో తెలిసినవాళ్ళ దగ్గరికే వచ్చినట్టు ఊరుకుంది.

కృష్ణకుమారి గుమ్మంలోంచి ఆ కాళ్ళ అమరికనే చూసింది. తల్లిలేని పిల్ల ఆవిడ, మైథిలి పుట్టినప్పుడు అత్తగారే పురుడు పోసింది, తను మంచం మీద పడుకుని నీళ్ళ చప్పుడు విన్నదే తప్ప, ఎలా పోస్తారో ఏనాడూ చూడలేదు. చెప్పులు బయట విప్పి వచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, అత్తగారికి ఎదురుగా గచ్చు మీద గొంతుక్కూర్చుంది.

"ఆ మాలిష్‌వాలీకి రావద్దని చెప్పిరండి," అంది మొగుడితో, వెనక్కి తిరక్కుండా. ఆ తరవాత గొంతు తగ్గించి అడిగింది, "రేపు నీళ్ళు నేనెటు నుంచి పొయ్యాలి అత్తయ్యా?"

"ముందు నీ మోచేతి మీద పోసుకో," అంది నాగేంద్రమ్మ. "నువ్వు ఓర్చుకోగలిగితే నా కాళ్ళ మీద పొయ్యి. నేను ఊఁ అన్నాకే దాని మీద."